పలకని ఫోను

కోడేరులో ఒక ఇంటి వెనక పెరడు. చర్చి గుడిలో సాయంత్రం గంట మోగి కొంచెంసేపయింది. అత్త సారమ్మ, కోడలు నిరోష.

"ఎవడే వాడు?"

"ఎవరు? ఎవరూ లేరత్తమ్మా."

"ఎవరూ లేకుంటే ఫోన్ల ఎవరితోని గుసగుస పెడ్తున్నవ్? రోజూ గిదే యాళ్లకు, గీ గోడ సాటుకే. నాకు కండ్లు మసక గాని చెవులు మంచిగనే ఉన్నయి."

"మా చెల్లెతోని మాట్లాడిన."

"ఏ చెల్లె? పావనేనా? పావని పొద్దుగాల నాకే ఫోన్ చేసింది. 'అక్క ఎత్తుతలేదు, మంచిగుందా' అని నన్నే అడిగింది."

"గట్లనా..."

"గట్లనే. ఇగ ఇంకో అబద్ధం జెప్పు, ఇంటున్న."

"అత్తమ్మా, మెల్లగ. పక్కింటి ఇందిరమ్మత్త వాకిట్లనే ఉంది."

"ఉండనియ్యి. ఆమెనే చెప్పింది నాకు. 'నీ కొడుకు క్రిస్మస్ ముంగట రాయచూరు దిక్కు పనికి పోయి పత్తా లేడు, నీ కోడలేమో గోడ సాటుకు ఫోను' అని. నా మొకం యాడ పెట్టుకోవాలె?"

"నేను తప్పు చేస్తలేను."

"అయితే వాని పేరు జెప్పు."

"పేరు తెల్వదు."

"పేరు తెల్వనోనితోని ముచ్చట్లా?"

"ముచ్చట్లు గాదు. అటునుంచి ఎవ్వరు మాట్లాడరు. ఫోనొస్తది, ఎత్తుత. ఊపిరి తీసుకునుడు ఇనొస్తది. గంతే."

"మరి నువ్వేం మాట్లాడుతవ్?"

"జపమాల జెప్త."

"ఏందీ?"

"జపమాల, అత్తమ్మా. మొదటి దినం భయమై, ఏమనాల్నో తెల్వక, మరియమ్మ జపమే నోట్లకొచ్చింది. అయిపోయేదాంక అటు పెట్టెయ్యలే. తెల్లారి మల్ల గదే యాళ్లకు వచ్చింది. అప్పటి సంది గిట్లనే."

"నన్ను ఎర్రిదాన్ని చేస్తున్నవా? ఊపిరి తీసుకునేటోనికి ఎవరన్న జపం జెప్తరా? ఎవడో దొంగ నా కొడుకు. ఇంట్ల మొగోడు లేడని కనిపెట్టుకోని ఉన్నడు. మీ బావ జాన్‌కు చెప్త. నంబరు తీస్కపోయి పోలీసోళ్లకు ఇస్తడు."

"వద్దు. జాన్ బావకు చెప్పకు."

"ఎందుకొద్దు?"

"వద్దత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత."

"అగో! ఎందుకొద్దు అంటున్న."

"వాళ్లు పట్టుకుంటే... ఎవరో తేలుతది గదా."

"తేలాలనే గదనే!"

"నాకు తేలొద్దు."

"నిరోషా. ఇటు జూడు. నా మొకం జూడు. ఏం దాస్తున్నవ్?"

"ఒకపారి నేనే తిరిగి చేసిన. ఒక ఆడామె ఎత్తింది. కన్నడంల ఏదో అన్నది, నవ్వింది, పెట్టేసింది."

"ఆడామెనా?"

"ఊఁ."

"అంటే నా కొడుకు..."

"నేననలే. నువ్వంటున్నవ్."

"నీ మనసుల ఉన్నదే నేను అంటున్న. వాడు ఆడ ఇంకొకదాన్ని పెట్టుకున్నడు, చేసిన తప్పు కడుపుల ఆగక ఫోన్ జేసి మూగోని లెక్క ఉంటుండు. గిదే గదా?"

"ఒక దినం గదే అనిపిస్తది. ఇంకో దినం అసలు ఆయనే కాదేమో అనిపిస్తది. కాదనుకుంటే ఇంకా భయం."

"మరి అడగొచ్చు గదా, నువ్వేనా అని?"

"ఔనంటే ఆమె ఎవరని అడగాలె. కాదంటే ఈయన యాడున్నడో అని ఏడ్వాలె. రెండిట్ల ఏది ఇననీకె గూడ నాకు ధైర్యం లేదు. మొన్న పూజ అయినంక ఫాదర్‌ను అడిగిన. 'భయం పోయినంక దేవున్ని నమ్ముతనంటే ఎన్నటికీ నమ్మలేవు బిడ్డా, భయంతోనే నమ్ము' అన్నడు. గందుకే జపం ఆపలే. ఆయనే అయితే, తప్పు చేసినోడైనా జపం ఇనొచ్చు గదా."

"ఫాదర్‌దేం పోయింది, చెప్తడు. వాడు పోయినప్పటి సంది నేను మొక్కలేదా? మోకాళ్లు పుండ్లయినయి. మరియమాత పలికిందా? గందుకే గుడికి పోవుడే బంద్ జేసిన."

"నాకు తెల్సు. నొప్పులని చెప్పి ఇంట్ల ఉంటవు."

"తెల్సి గూడ అడగలేదు?"

"నువ్వు ఏం చెప్తవో అని భయమై అడగలే."

"నీకు అన్నీ భయమే... అగో, మోగుతుంది. గదే నంబరా? ఇటియ్యి."

"అత్తమ్మా, వద్దు, నువ్వు..."

"ఇటియ్యవే! హలో. ఎవడ్రా నువ్వు? పలుకు! ఆడోళ్లే ఉన్నరని ఆటలాడుతున్నవా? పలుకుతలేడు."

"చెప్పిన గదా."

"ప్రభూ? ప్రభుదాసూ, నువ్వేనా బిడ్డా? నేను, అమ్మను. ఏం తప్పు చేసినా ఏమనను. ఒక్కపారి అమ్మా అను. అనురా... లేదు. చూసినవా? నా కొడుకైతే నేను పిలిస్తే పలకడా? వీడెవడో పరాయోడు. పెట్టేస్తున్న."

"పెట్టెయ్యకు! దండం పెడ్త, ఇటియ్యి. స్పీకర్ల పెడ్త, నువ్వు గూడ ఇను... దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు. స్త్రీలలో... స్త్రీలలో..."

"ఏడ్వకే. ఏడిస్తే ఎట్ల? జెప్పు, ముందుకు జెప్పు."

"నువ్వు జెప్పత్తమ్మా."

"సరే, జరుగు. నేను జెప్త. పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా, పాపాత్ములమైన మా కొరకు ఇప్పుడును... ఇగో, ఆగు. ఏందో చప్పుడైతుంది. ఎవరో ఆడామె! నువ్వు చెప్పింది గిదేనా?"

"హలో! హలో, పెట్టెయ్యకుండ్రమ్మా!"

"ఎవరు నువ్వు? నా కొడుక్కు నువ్వేమైతవ్?"

"నేను రాయచూరు దవాఖాన నర్సునమ్మా. కొత్తగ వచ్చిన ఈడికి. మాది గద్వాల, తెలుగొస్తది నాకు. ఈ వార్డుల ఒకాయన ఉన్నడు. లారీ గుద్ది రోడ్డు మీద పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చిండ్రంట. తలకు దెబ్బ తగిలి మాట పడిపోయింది. చేతుల ఫోన్ లేదు, జేబుల కాగితం లేదు. ఈ మధ్య చెయ్యి ఆడుతుంటే, ఊడ్చే ఆయమ్మ ఫోను రోజూ సాయంత్రం సైగ జేసి అడుగుతుండు. ఒక్క నంబరే నొక్కుతుండు. ఆమెకు తెలుగు రాదు, పాటలింటుండని అనుకున్నది."

"అత్తమ్మా..."

"ఆగవే, ఆగు. అమ్మా, ఆయన ఇప్పుడేం చేస్తుండు?"

"ఇయ్యాల ఫోన్ చెవికి పెట్టుకోని ఒక్కతీరుగ ఏడుస్తుంటే నేనొచ్చి చూసిన. ఇప్పుడు మీరు జపం ఆపిండ్రు గదా, ఫోన్ దిక్కే చూస్తుండు, పెదాలు ఆడిస్తుండు. ఇన్ని దినాలు ఈయనను మేం పేరు లేకుంటనే పిలుస్తున్నమమ్మా. జర చెప్పుండ్రి, ఈయన పేరేంది?"