హోర్డ్ అనే మాటకి ఒక ఉదాహరణ

కాదు బాబాయ్, ఒక్క గొడుగు వెతుక్కుంటానంటే ఇంత విసుగెందుకు? నీ తూకాలు నువ్వు వేసుకో, నేనీ మూల కూర్చుని ఏరుకుంటాను. ఆకుపచ్చ బట్ట, కర్ర పిడి. పిడికి దారంతో చీటీ కట్టి ఉంటుంది.

నాలో వెయ్యి అవలక్షణాలుండొచ్చుగానీ, ఒక్క సుగుణం ఉంది. అబద్ధపు ఉదాహరణ రాయను. ఇంగ్లీషు నేర్పే పుస్తకాల్లో ఎవరో రాముడు ఎవరి బంతినో తన్నుతుంటాడు. ఏ రాముడు, ఏ బంతి? నా పుస్తకంలో మనిషి ఉన్నాడంటే ఏదో ఒక వీధిలో ఉండి తీరాలి.

ఆ, పుస్తకమే. సాయంత్రాలు డ్రైవర్లకీ, కొట్లలో పనిచేసేవాళ్ళకీ ఇంగ్లీషు చెప్తానులే. నేనెక్కడా నేర్చుకున్నది లేదు. ఇలాంటి పాత సామాన్ల కొట్లోనే ఓ నిఘంటువు దొరికింది, చివరి పేజీలు ఊడిపోయి. అందుకే టీ అక్షరం దాటితే నాకు ఇంగ్లీషు రాదు. ఎవరైనా అడిగితే, ఆ మాటలు ఇప్పుడెవరూ వాడటం లేదని చెప్తాను.

అసలు గొడవంతా హోర్డ్ అనే మాట దగ్గరొచ్చింది. కలెక్ట్ అంటే చెప్పడం తేలిక. ముచ్చటపడి ఏరి తెచ్చి నలుగురికీ చూపించుకోవడం. గ్యాదర్ అంటే చెల్లాచెదురుగా పడున్నదాన్ని ఒకచోటికి చేర్చడం. మరి హోర్డ్? తను వాడదు, ఒకరికివ్వదు, లంకెబిందెల మీద పాములా కాపలా. అంత చెప్పినా క్లాసంతా తెల్లమొహాలు వేసింది.

అప్పుడు నోరు జారాను. ‘మా అక్క విరిగిన గొడుగులు హోర్డ్ చేస్తుంది’ అన్నాను.

లారీ డ్రైవరు బల్ల గుద్ది మరీ నవ్వాడు. ఆ నవ్వు నాకు మూడు రోజులు కడుపు నింపిందంటే నమ్ము. అందుకే దాన్ని అచ్చు కూడా వేయించాను.

మొన్న నీ బండి నిండా గొడుగులిచ్చిందే, ఆవిడే మా అక్క. బావ గొడుగులు బాగుచేసేవాడు. పోయి నాలుగేళ్ళయింది. బాగుకిచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదు. నలభై ఒక్క గొడుగులు. మంచం కింద, బీరువా మీద, వంటింటి తలుపు వెనక. ఆ ఇంట్లో కాళ్ళు చాపుకోవాలంటే ముందు గొడుగుల్ని అడగాలి.

తమ్ముడు పుస్తకం వేశాడని అక్క మురిసిపోయింది. తనకి చదువు రాదు. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని పేజీ పేజీ చదివించుకుంది, ఒక్కో వాక్యానికీ అర్థం చెప్పించుకుంటూ. ఆ వాక్యం దగ్గర పిల్ల ఆగిపోయిందట. దాటెయ్యబోతే అక్క ఊరుకోలేదట. అర్థం విన్నాక ఒక్కటే మాటందట, “వాడు నిజమే రాస్తాడుగా” అని.

మర్నాడు పొద్దున్నే నీకు కబురు పెట్టింది.

ఇవాళ ఒక నర్సు వచ్చిందట, వేరే ఊరికి బదిలీ అయి నాలుగేళ్ళకి తిరిగొచ్చానని, అప్పట్లో బావ ఇచ్చిన జోడు చీటీ చేత్తో పట్టుకుని. అది వాళ్ళమ్మ గొడుగట. ఆ తల్లి ఇప్పుడు లేదు. అక్క గుమ్మంలో ఉత్తి చేతులతో నిలబడి, సాయంత్రం రమ్మందట. మేనకోడలు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది.

ఏంటి, ఊచలు వేరుచేసేశావా? అన్నీనా? ఆ గోనెలో ఉన్నవి కూడానా? ఉండు, ఉండు, దాన్ని పడెయ్యకు.

ఇదే. ఇదే బాబాయ్. పిడి కూడా ఊడలేదు.

ఒక పని చెయ్యి. నీ బండి ఎలాగూ అటు వెళ్తుందిగా, నువ్వే ఇచ్చెయ్యి. పొరపాటున వచ్చిందని చెప్పు. నా ఊసెత్తకు.

నన్నే వెళ్ళమంటావా? వేరేవాళ్ళ సొత్తని తెలియక ఏదో అన్నావు, అక్కేగా, అర్థం చేసుకుంటుందిలే, అంటున్నావు కదూ. చిక్కంతా అక్కడే ఉంది. ఈ చీటీ చూడు. నంబరు, పేరు, ఎంత గుండ్రంగా ఉన్నాయో అక్షరాలు! బావకి రాయడం వచ్చేది కాదు. నలభై ఒక్క చీటీలూ నేనే రాశాను, వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఆవిడ పెట్టింది తింటూ. ఆఖరి రోజుల్లో బావ చెయ్యి పట్టుకుని అక్క “అందరివీ అందరికీ ఇచ్చే పంపిస్తాను” అన్నప్పుడు ఆ గదిలో నేనూ ఉన్నాను.

అది హోర్డ్ కాదని నాకు తెలుసు. క్లాసులో నోరు తెరిచినప్పుడూ తెలుసు. ప్రెస్సులో కాగితాలు దిద్దినప్పుడూ తెలుసు. అయినా ఆ ఒక్కటీ దిద్దలేదు. వాక్యం బావుంది మరి.

సరే, నేనే వెళ్తాను. ఇలా ఇవ్వు. వెళ్ళి ఏమంటానో నాకే భయం. ఆవిడ మొహం చూడలేక అక్కడా ఏదో చమత్కారం వాగేస్తాను. ఇంతసేపూ నీకిది చెప్తూ కూడా ఏం చేశాననుకున్నావు? ఎక్కడ నవ్వుతావా అని నీ మొహం వంకే చూస్తున్నాను.

అది మానడం నాకింకా రాలేదు, బాబాయ్.