తుమ్ము మింగిన సన్నాయి

వీరరాఘవులని ఒకడుండేవోడు, సన్నాయి వాయిస్తాడు. ఎట్టా వాయిస్తాడంటే, తోడి రాగం ఎత్తుకున్నాడా, పాలు పితికే ఆడాళ్ళు చెంబు నిండి పొర్లిపోతన్నా చూసుకునేవోళ్ళు కాదంట. మరి అంత మొనగాడికి పెళ్ళిళ్ళు ఎన్ని రావాలా? ఒక్కటీ రావు! ఆ చెంచయ్య లేడూ, ఊదితే బర్రె అరిచినట్టుంటది, ఆయనకి మాఘమాసంలో పద్నాలుగు ముహూర్తాలంట. జనానికి సంగీతం తెలీదులే అనుకునేవోడు ఈయన. నిజమే, తెలిస్తే మీరిక్కడ కథ చెప్పే నా ముందెందుకు కూర్చుంటారు? పెళ్ళాం మాణిక్యమ్మ మాత్రం ఊరుకోలా. "ఈ మాఘం గూడా ఉత్తదే అయిందనుకో, పిల్లల్ని తీసుకుని మా అన్న దగ్గరికి పోతా, నువ్వు రాగాలు తిని బతుకు" అందంట.

రాఘవులు పోయి, పెళ్ళిళ్ళు చేయించే అవధానులు గారి కాళ్ళ మీద పడ్డాడు. మేళం మాట్లాడేది పెళ్ళివాళ్ళని పేరేగానీ, పంతులు గారు ఎవర్ని చెప్తే వాళ్ళే గదా. ఆయనేమన్నాడంటే, "నీ వాయిద్యం దివ్యంగా ఉంటుందిరా, అదే నీకు పట్టిన రోగం. కళ్ళు మూసుకుని అందులో మునిగిపోతావు. తాళి కట్టే వేళ గట్టిమేళమని నేను వేలెత్తితే చూసేదెవరు? ఆ నిమిషంలో తుమ్మో, చెడ్డ మాటో ఎవరి చెవినా పడకుండా మోత మోగించడానికేరా నిన్ను పిలిచేది!" సరే, మిల్లు పేరయ్య కూతురి పెళ్ళి ఇప్పిస్తా, అది గూడా చెడగొట్టావా, ఇంక నీ మొహం చూడనన్నాడంట.

పెళ్ళిరోజు రాఘవులు కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని కూర్చున్నాడు. ఏమైందంటే, పెళ్ళికొడుకు తాత ముందు వరసలో కూర్చుని, సమయం సందర్భం లేకుండా ఇంత నశ్యం ఎక్కించాడు. ముక్కు అదరతంది, నోరు తెరుచుకుంటంది. పంతులు గారి వేలు చూస్తే ఇంకా లేవలా! రాఘవులు ఇంక ఆగలా. అయ్యో, నా పెళ్ళాం పిల్లలు పోయారే అనుకుని, డోలు వాయించే బామ్మర్దిని ఒక్క తన్ను తన్ని, ఊదాడయ్యా, పందిరి ఎగిరిపోయేటట్టు! ఆ మోతలో తాత తుమ్ము కలిసిపోయింది. పెళ్ళికొడుకు అదిరిపడి మూడు ముళ్ళూ వేసేశాడు. అవధానులు గారు గడియారం చూస్తే ఇంకా రెండు నిమిషాలుంది. ఆయన తక్కువోడా? గడియారం కండువా కింద దాచి, "సుముహూర్తం" అన్నాడంట.

తాత పక్కనోళ్ళు చూశారు గదా, ఈయన సన్నాయి తుమ్ముని మింగేసిందని ఊరూరా చెప్పారు. ఇంక చూడు, రోజుకి రెండు పెళ్ళిళ్ళు! మాణిక్యమ్మ పుట్టింటి మాటే ఎత్తట్లా. ఒకనాడు రాఘవులు ఆశగా, "అయ్యా, తోడి గూడా వాయించమంటారా?" అని అడిగితే, పెళ్ళివారు జాలిగా, "ఎందుకులేవయ్యా శ్రమ, మా పెదనాన్నకి జలుబు, ఆయన్ని చూసుకో చాలు" అన్నారంట. ముప్ఫై ఏళ్ళ సాధన, ముక్కులకి కాపలా! నవ్వుతారేం? నేను మాత్రం? కథ బాగా చెప్తానని పిలిచారా నన్ను? కరెంటు పోయి టీవీ రాలేదని గదా పిలిచింది.