నాన్న కారుకి పనిముట్లు

డిక్కీ తెరిచి ఉంది. చెల్లెలు ఒక్కో పనిముట్టూ పెట్టెలో సర్దుతుంటే, అన్నయ్య ఒక్కోటీ తీసి అరుగు మీద పెడుతున్నాడు.

"నాన్న నీకిచ్చింది కారు. పనిముట్లు కాదు."

"ఇరవై ఏళ్ల బండి అన్నయ్యా. ఇవి లేకుండా ఊరు దాటదు."

"తెలుసు. కొండెక్కగానే ఫ్యాన్ బెల్టు వదులైపోతుంది. బిగించడానికి పదమూడో నంబరు స్పానరే కావాలి. ఇదిగో, ఇదే."

"ఇవ్వు మరి."

"చూపించానంతే."

"ప్లగ్గు స్పానరన్నా ఇవ్వు."

"ప్లగ్గెక్కడుంటుందో తెలుసా నీకు?"

"నాన్న పక్కన మసి పూసుకుని నిలబడింది నేనే. నువ్వు చొక్కా మాస్తుందని గుమ్మం కూడా దిగలేదు."

"అయినా ఇల్లు నాకే వచ్చిందిగా!"

"సరే, జాకీ ఒక్కటివ్వు. దారిలో పంచరైతే?"

"స్పేర్ టైరు తీసుకెళ్లు. కొత్తది. నేనేం రాక్షసుణ్ణి కాదు."

"జాకీ లేకుండా టైరేం చేసుకోను?"

"అమ్మ నీ దగ్గరే ఉంటానందిగా. ఆవిడో పక్క, నువ్వో పక్క పట్టుకుని బండి ఎత్తండి."

"మెల్లగా అన్నయ్యా. అమ్మ వెనక సీట్లోనే ఉంది."

"వినపడాలనే అంటున్నా."