పిన్నిగారి పరీక్ష కాల్

అత్యవసర సహాయ కేంద్రంలో ఆ రోజు కొత్త వలంటీర్లకు పరీక్ష. వాళ్ల ఇంట్లోవాళ్లే ఫోన్ చేసి, చీటీలో రాసిచ్చిన ప్రమాదం తమకు జరిగినట్టు నటించాలి. మన పిన్నిగారూ కొత్త వలంటీరే. ఆవిడకేమో మొగుడితో నాలుగు రోజులుగా మాటల్లేవు. అయినా ఫోన్ మోగాక ఎత్తక తప్పలేదు.

“...అది కాదు సార్, ముందు మీరెక్కడున్నారో చెప్పండి.”

“ఎక్కడేమిటే! మన ఇంట్లోనే. బాత్‌రూమ్‌లో జారిపడ్డా.”

“‘మన’ కాదు సార్, మీ ఇల్లు. డోర్ నంబరు?”

“ముప్ఫై ఏళ్ల నుంచీ ఉంటున్నావు, నీకు తెలీదూ?”

“తెలిసినా అడగాలి. రూలు.”

“పద్నాలుగు బై రెండు. చాలా?”

“దెబ్బ ఎక్కడ తగిలింది?”

“ఎడమ కాలు. కదిపితే ప్రాణం పోతోంది.”

“చీటీలో కుడి కాలని ఉందేమో, సరిగ్గా చూసుకోండి.”

“ఏ చీటీ?”

“అబ్బో! తమరికి నటన కూడా వచ్చన్నమాట!”

“నటనేమిటే, పట్టపగలు చుక్కలు కనిపిస్తుంటే! నీ సెల్‌కి నాలుగుసార్లు చేశా.”

“డ్యూటీలో సెల్ సొరుగులో ఉంటుంది. నొప్పి పదికి ఎంత?”

“తొమ్మిది.”

“మొన్న వేలికి ముల్లు గుచ్చుకుంటేనే పదన్నారు.”

“ఇదిగో... ఎలాగూ మాట్లాడుతున్నావు కదా...”

“నేను మాట్లాడటం లేదు. వలంటీరు మాట్లాడుతోంది.”

“సరే, ఆ వలంటీరమ్మకే చెప్తున్నా. మా ఆవిడ ఇందులో చేరతానంటే మా చెల్లెలి ముందు నవ్వాను. ‘బల్లిని చూస్తే బల్లెక్కే మనిషివి, నువ్వు జనాన్ని కాపాడతావా’ అన్నాను.”

“చెల్లెలొక్కతేనా? వాళ్ల అత్తగారు కూడా ఉన్నారు.”

“ఆవిడ ముందూ అన్నాను. తప్పయిపోయింది. నువ్వు మాట్లాడని ఇల్లు ఇల్లులా లేదే.”

“...ఇది చీటీలో లేదు కదా?”

“ఏ చీటీలోనూ లేదు.”

“చూడండి సార్, నన్ను ఏడిపిస్తే మార్కులు తగ్గిస్తారు.”

“అబ్బా... అమ్మా...”

“చాలు చాలు, మరీ అంత అక్కర్లేదు.”

“పిన్నిగారూ, ఎవరది లైన్లో?”

“పరీక్ష కాల్, ఇన్‌చార్జిగారూ. మావారే. దంచేస్తున్నారనుకోండి!”

“పరీక్ష ఇంకా మొదలుపెట్టనే లేదు! చీటీలు ఎవరికీ ఇవ్వలేదు, అన్నీ ఇదిగో, నా చేతిలోనే ఉన్నాయి.”

“...ఏవండీ! కదలకండి! బండి పంపిస్తున్నా... కాదు, బండెక్కి నేనే వస్తున్నా!”