తుఫానును చీల్చిన చెరుకు

గిట్టెన్స్ ఆ సాయంత్రం అయాంతి రమ్ము కొట్టులో అడుగు పెడుతూనే మాట్లాడటం మొదలెట్టాడు. కూర్చునేదాకా ఆగితే ఈలోపు ఎవరో ఒకరు అడిగేస్తారని భయం. పొద్దున తను పనిచేసే చెరుకు పరిశోధన కేంద్రంలో ఏం జరిగిందని అడుగుతారు. జరిగింది చెప్పే ఓపిక అతనికి లేదు. మొలకప్పటి నుంచీ తన చేతులమీద పెరిగిన చెరుకును కళ్ళముందే మొదలంటా పీకి పారేశారు.

కొత్త రకాలు పుట్టించే చోట అది మామూలే. నవంబరులో పూత రాగానే ఆడపూతనీ మగపూతనీ జత కలుపుతారు, దుమ్ములాంటి ఆ విత్తనం చల్లి వేల మొలకలు లేపుతారు, ఏటేటా ఏరుతూ దాదాపు అన్నిటినీ పారేస్తారు. నిలిచినదానికైనా పేరుండదు, నంబరే. గిట్టెన్స్ మాత్రం ఒక మొలకకి పొడుగమ్మ అని పేరు పెట్టుకున్నాడు. తీపిలో దానికి సాటి లేదు. కానీ నిలబడదు. నడుము లేనట్టు నేలమీద పడుకుంటుంది, పడుకున్న చెరుకుని మిషను కొయ్యలేదు. కేంద్రం నడిపే డాక్టర్ కంబర్‌బాచ్ మంచి పిల్ల. ఏటికేడు గడువిస్తూ వచ్చి, ఈ పొద్దున అతని భుజం మీద చెయ్యేసి, ఇంక ఆపలేను గిట్టెన్స్ గారూ అంది.

కొట్టులో బస్సు డ్రైవరు డార్న్లీ, రిటైరైన యియర్‌వుడ్ మేస్టారు డామినో ఆడుతున్నారు. అయాంతి చేప వడలు వేయిస్తోంది.

"మా పొడుగమ్మ పుట్టుక మీకు చెప్పలేదు కదూ," అన్నాడు గిట్టెన్స్, స్టూలు లాక్కుంటూ. "ఆ ఏడు మగపూత మొండికేసింది, పుప్పొడి రాల్చనంటుంది, చదువుకున్నవాళ్ళంతా తలలు పట్టుకు కూర్చున్నారు, నేనేమో నిచ్చెనెక్కి, పూతల మీద కప్పిన గుడ్డ డేరాలో తల దూర్చి, ఏరా అబ్బాయ్, సిగ్గా? అన్నాను. అంతే. రాల్చిన పుప్పొడికి వారం దాకా తుమ్ముతూనే ఉన్నాను."

"పూతతో మాట్లాడావా మామా?" అన్నాడు డార్న్లీ.

"మాట్లాడకుండా పెళ్ళిళ్ళు కుదురుతాయట్రా? విను. మొలకేసింది. ఇహ పెరగడం చూడాలి. కణుపు కణుపుకీ టప్పుటప్పుమని చప్పుడు, చుట్టుపక్కల ఎవరికీ కంటిమీద కునుకు లేదు. పాస్టరుగారు స్వయంగా వచ్చి, నా ప్రార్థన నాకే వినపడట్లేదయ్యా, కాస్త మెల్లిగా పెరగమను అన్నాడు. చెప్పాను. వింటేనా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీపి కొలవబోయాం. అద్దం మీద చుక్క రసమేసి మీటరు కంటికి పెట్టుకున్నానా, కనుబొమ్మకి అతుక్కుపోయింది, మధ్యాహ్నం అన్నం కూడా ఆ మీటరు మొహానికి వేలాడుతుండగానే తిన్నాను. మన చీమలు సరిపోక పక్క దీవి సెయింట్ విన్సెంట్ నుంచి చీమలు పడవెక్కి వచ్చాయి. రేవులో ఆఫీసరు, ఎన్నాళ్ళుంటారని అడిగితే, పొడుగమ్మ ఉన్నన్నాళ్ళూ అన్నాయట."

ఆ మాట అనేశాక గిట్టెన్స్‌కి అదిప్పుడు లేదని గుర్తొచ్చింది. గ్లాసెత్తి గటగటా తాగాడు. డార్న్లీ డామినో బిళ్ళ ఇంకా చేతిలోనే ఉంది. మామూలుగా బల్ల అదిరేలా కొడతాడు. ఇవాళ కొట్టడం లేదు. అది చూసి గిట్టెన్స్‌కి ఇంకా కంగారు పుట్టింది.

"ఎత్తు సంగతి చెప్పనే లేదు," అని అందుకున్నాడు. "నిటారుగా ఉండేది. ధ్వజస్తంభం కూడా దాని పక్కన కాస్త వంకర. లండన్ నుంచి వచ్చే విమానాలు దాన్ని చూసే దిగడం నేర్చుకున్నాయి. ఎగిరే చేపలు తెరచాప కర్ర అనుకుని చిటారున వాలి, ఆకు నాకి, మత్తెక్కి అక్కడే నిద్రపోయేవి, నేను పొద్దున్నే ఎక్కి బుట్టలో ఏరుకునేవాణ్ణి. మొన్నటి తుఫాను మనల్ని ఎందుకు వదిలేసిందనుకున్నావ్ మేస్టారూ? తిన్నగా మనమీదికే వచ్చింది. వచ్చి పొడుగమ్మ నడుముకి కొట్టుకుంది. పొడుగమ్మ ఊగిందా? ఆకు కదిలిందా? తుఫానే రెండు ముక్కలై, ఒకటి ఉత్తరానికీ ఒకటి దక్షిణానికీ పోయింది. అలా నిలబడింది. అంత గాలిలో అలా నిలబడింది. ఆ తర్వాత ఏమైందో..."

తెలుసా అన్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఊ కొట్టలేదు. మేస్టారు కళ్ళద్దాలు తీసి తుడుస్తున్నాడు. అప్పుడర్థమైంది గిట్టెన్స్‌కి, పొద్దుటి సంగతి వీళ్ళందరికీ తెలుసని, పాపం అని వింటున్నారని. ఈ కొట్టులో తన కోతలకి నవ్వారు, తిట్టారు, వడలు విసిరారు. జాలిపడ్డం మాత్రం ఎప్పుడూ లేదు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

"ఏమయ్యా గిట్టెన్స్," అంది అయాంతి, మూకుడు మీంచి తలెత్తకుండానే. "తుఫానుని చీల్చిన చెరుకు నా వంటింటి గుమ్మానికి అడ్డంగా ఎందుకు పడుకుందయ్యా?"

"ఏ చెరుకు?"

"నా కంది చెట్టు ఒరిగిపోతోంది, ఊతకర్ర ఒకటి తెచ్చిపెట్టమంటే నువ్వేం చేశావ్? ఓ చెరుకుగడ తెచ్చి పాతావ్. దీని పేరు పొడుగమ్మ, ఇది పడదు, నాదీ పూచీ అన్నావ్. అది చిగురేసింది. ఒరిగింది. కంది చెట్టుని కూడా పడేసి, పక్కన తనూ పడుకుంది. రోజూ దాన్ని దాటలేక చస్తున్నాను."

డార్న్లీ ముందు నవ్వాడు. మేస్టారు చేతిలో కళ్ళద్దాలు జారాయి. గిట్టెన్స్ నవ్వలేదు. స్టూలు తన్నుకుంటూ లేచి, వంటింట్లోంచి పెరట్లోకి పరిగెత్తాడు.

గుమ్మం ముందు, చచ్చిన కంది కొమ్మల పక్కన, దుబ్బంతా నేలకి ఆనుకుని ఉంది. ఆకు పచ్చగా ఉంది. గిట్టెన్స్ మోకాళ్ళమీద కూర్చుని ఒక గడ ఎత్తి చూశాడు. కణుపు కణుపుకీ మొలకెత్తే కన్ను బతికే ఉంది. ఏ ముక్క పాతినా లేస్తుంది. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అడ్డంగా ఉందన్నావుగా," అన్నాడు, వెనక్కి తిరక్కుండా. "పొద్దున్నే వచ్చి కొట్టేస్తాలే."

"కొడితే నీ చెయ్యి విరగ్గొడతాను," అంది అయాంతి. "ఇన్నాళ్ళూ దాటాను, ఇకముందూ దాటుకుంటాను."

గుమ్మంలోంచి మేస్టారు తొంగి చూశాడు. "ఇంతకీ ఆ తర్వాత ఏమైంది గిట్టెన్స్? తుఫాను పోయాక?"

గిట్టెన్స్ చెరుకు ఆకు మీద మట్టి దులిపాడు.

"ఏముంది మేస్టారూ," అన్నాడు. "అలిసిపోయి పడుకుంది."