రెటీనా అరువిచ్చిన దర్జీ

దర్జీ బాబాయ్ నోరు తెరిచాడంటే నేను స్టవ్ ఆపేస్తాను. ఆపకపోతే టీ పొంగి నేలపాలే, ఎందుకంటే నా చెవులు రెండూ ఆయన దగ్గరే ఉంటాయి. కంటి ఆసుపత్రిలో పరిశోధన విభాగం ఉంది చూశారూ, ఆ వెయిటింగ్ హాలు మూలన నా టీ కౌంటరు. ఎడమ పక్కన అక్షరాలు చదివించే గది తలుపు, ఎదురుగా రెండు బెంచీలు. నెలకోసారి మొదటి బెంచీ మీద బాబాయ్ కూర్చుంటాడు. పక్కన పిన్ని, ఒళ్ళో ఏదో ఒక చొక్కా పెట్టుకుని అంచు కుడుతూ ఉంటుంది. బట్ట కోయడం బాబాయ్ వృత్తి, కోతలు కోయడం ఆయన ప్రాణం. మొదటిదానికి కూలి తీసుకుంటాడు, రెండోది ఉచితం.

ఆ రోజు ఆయనకి పెద్ద పరీక్ష. ఎడమ కంట్లో జబ్బుకి ఆరు నెలలుగా కొత్త చుక్కల మందు వేసి చూస్తున్నారు. ఆరో నెలలో గోడ మీది అక్షరాల బోర్డు చదివిస్తారు. మొదటికన్నా రెండు వరసలు తగ్గితే చుక్కలు ఆపేసి కంట్లోకే ఇంజెక్షన్ ఇస్తారు, తగ్గకపోతే ఇంకో ఏడాది చుక్కలే. నర్సమ్మ పొద్దున్నే వచ్చి అందరిముందూ చెప్పింది. "బాబాయ్ గారూ, కన్ను దక్కాలంటే ఉన్నదున్నట్టు చదవాలి. ఇప్పుడు పోయిన చూపు తర్వాత తిరిగి రాదు."

"ఉన్నదున్నట్టే చదువుతాను తల్లీ, లేనిది నాకు అలవాటు లేదు" అన్నాడు బాబాయ్. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనకి టీ తాగుతూ తాగుతూ పొలమారింది.

రెండో బెంచీ మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. ఆమెదీ అదే జబ్బు. చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితాలున్నాయి. చుక్కల పరిశోధనలో చేరడమా, మామూలుగా ఇంజెక్షన్ చేయించుకోవడమా అని పొద్దుట్నుంచీ తేల్చుకోలేకపోతోంది. బాబాయ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

"నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా. నీ జబ్బేమిటో డాక్టర్లు చెప్తే అర్థం కాదు, నేను చెప్తా విను. రోగాలతో పోట్లాడే కణాలు ఒంట్లో ఉంటాయా, అవి మన కాపలావాళ్ళన్నమాట. కంటి వెనకాల ఒక తెర ఉంటుంది, రెటీనా అంటారు, మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. ఈ కాపలావాళ్ళకి మతిపోయి ఆ తెర ఎవరో పరాయిదనుకుని దాన్నే చితక్కొడుతున్నారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం!"

"కాపలావాళ్ళనంటే ఊరుకోను" అన్నాడు గేటు పెద్దాయన.

"నిన్ను కాదులేవయ్యా, నువ్వు ఎవర్నీ ఆపిన పాపాన పోలేదు. ఆ, ఎక్కడున్నాం? పోయిన నెల. పోయిన నెల పెద్ద విశేషమేం జరగలేదు. ఎడమ కంటితో బోర్డులో అడుగు వరస చదివాను. అంతే."

"అడుగు వరసే!" టీచరమ్మ ఆశ్చర్యపోయింది. "నాకు మూడో వరస దాటదండీ."

"అడుగు వరసంటే ఏముందమ్మా, ఐదక్షరాలు, గుక్క తిప్పుకోకుండా చదివేశాను. చదివి, చదివించే పిల్లతో, అమ్మాయ్, ఇంకేమైనా ఉందా అన్నాను. లేదండీ, బోర్డు అయిపోయింది అంది. అయిపోవడమేమిటి, కింద బోర్డు అచ్చువేసినవాడి పేరుంది, పక్కన వాడి ఫోన్ నంబరుంది, అందులో ఏడు అంకెకి సిరా తక్కువపడింది, అదంతా ఎవరు చదువుతారూ అన్నాను. ఆ పిల్ల దగ్గరికెళ్ళి భూతద్దం పెట్టి చూసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద డాక్టరమ్మకి కబురెళ్ళింది. ఆవిడ నన్ను చీకటి గదిలో కూర్చోబెట్టి, నుదుటికి లైటు కట్టుకుని, చేతిలో అద్దం పట్టుకుని నా కంట్లోకి చూసింది. ఆవిడ అటునుంచి చూస్తే నేనెందుకూరుకుంటాను, ఇటునుంచి నేనూ ఆవిడ కంట్లోకి చూశాను. అద్దం అద్దమే కదమ్మా, దానికి అటూ ఇటూ ఏమిటి? ఆవిడ రెటీనా అంతా నాకు పరుపు పరిచినట్టు కనిపించింది. డాక్టరమ్మా, నీ కుడి కంట్లో మూడో నరం పక్కన చిన్న మచ్చుంది, నిద్ర తక్కువైనట్టుంది, నాలుగు రోజులు సెలవు పెట్టు అన్నాను. పెట్టింది!"

"పెట్టింది ఆవిడ చెల్లెలి పెళ్ళికి" అన్నాను నేను. ఆ సెలవు సంగతి నాకు తెలుసు, ఆవిడ టీ పద్దు నా దగ్గరే ఉంటుంది.

"పెళ్ళని పైకి చెప్పుకుంది లేరా. పేషంటు చెప్తే సెలవు పెట్టానని చెప్పుకుంటుందా? సరే, అసలు విషయం విను టీచరమ్మా. నా కంటి వెనకాల ఫొటో తీశారు. తీస్తే అందులో తెరంతా వాపు. ఇంత వాపున్నవాడు పై వరస కూడా చదవకూడదు, ఈయనేమో అడుగు వరస చదువుతున్నాడు, ఇదెక్కడి విడ్డూరం అని డాక్టర్లందరూ తలలు పట్టుకున్నారు."

ఈ ఒక్క ముక్కా నిజమే. ఆ వాపు గురించీ ఆ చదువు గురించీ ఇద్దరు డాక్టర్లు నా కౌంటరు ముందే నిలబడి వాదించుకున్నారు. చుక్కల మందులో మనకి తెలియని గుణం ఏదో ఉందని ఒకాయన, ఫొటో మెషీను పాడైందని ఇంకొకాయన. మెషీను విప్పి మళ్ళీ బిగించారు కూడా.

"పట్టుకుని ఏం చేశారు?" అన్నాడు గేటు పెద్దాయన.

"ఏడు దేశాల నుంచి డాక్టర్లు దిగారు. నా కంట్లోంచి ఒక్క చుక్క నీరు తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. చూద్దురుగదా, ఆ కణాలు బడులు తెరిచే ముందు యూనిఫారాల కోసం నా షాపు ముందు జనం తోసుకున్నట్టు తోసుకుంటున్నాయి. ఎవరికీ లొంగవు. జరగండయ్యా అని నేను మైక్రోస్కోపు దగ్గరికెళ్ళి నోరు దానికి ఆనించి, ఏరా, తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతారా, ఇన్నేళ్ళు పోషించిందెవరురా మిమ్మల్ని అని ఒక్క కసురు కసిరాను. అంతే! చేతులు కట్టుకుని నిలబడ్డాయి."

"కణాలకి చేతులెక్కడివి?"

"మైక్రోస్కోపులో ఎప్పుడైనా చూశావా నువ్వు? మరి మాట్లాడకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక ముసలి డాక్టరు నా రెండు చేతులూ పట్టుకుని, అయ్యా, మా ల్యాబులో ఒక ఎలుకుంది, దాని రెటీనా చిరిగిపోయింది, కుట్టేవాడు లేడు అన్నాడు. నేను చిన్న ముక్క మీద కుట్టనండీ, పాతిక మీటర్లకు తక్కువైతే గిట్టుబాటు కాదు అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సరే పొమ్మని కంటికి కనిపించని దారం తీసుకుని, కనిపించని సూదికి ఎక్కించి, ఆ తెరకి చుట్టూ కాజా కుట్టు వేశాను. ఎలుక లేచి కూర్చుని బోర్డు చదవడం మొదలుపెట్టింది."

"ఏ భాషలో?" అన్నాడు గేటు పెద్దాయన.

"దాని భాషలోనే. తప్పులున్నాయో లేదో పక్క బోనులో ఎలుక చూసి చెప్పింది. వెలుతురు గుచ్చుకుంటోందని పాపం కళ్ళు చికిలిస్తుంటే దానికో కోటు కూడా కుట్టిచ్చాను, తల మీదికి లాక్కునేటట్టు. తోక కొలత ఒక్కటే తప్పింది, ఊపుతుంటే ఎవడు కొలుస్తాడమ్మా?"

టీచరమ్మ పడీపడీ నవ్వింది. పొద్దుట్నుంచీ ఆమె నవ్వడం అదే మొదటిసారి. బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు.

"చివరికి ఏమన్నారో తెలుసా? ఈ రెటీనా మాకు ఒక్కరోజు అరువివ్వండి, ఏడు దేశాల్లోనూ చూపించి సాయంత్రానికి తెచ్చిస్తాం అన్నారు. దర్జీని కదా, నాకు కత్తిరించడమూ తెలుసు అతకడమూ తెలుసు. తీసుకెళ్ళండి, మడతలు పడకుండా చూసుకోండి అని ఇచ్చేశాను. ఆ రోజంతా రెటీనా లేకుండా పదహారు చొక్కాలు కుట్టాను. ఒక్క గుండీ పక్కకి పోయుంటే అడుగు. సాయంత్రం తిరిగి తెచ్చారు, ఇస్త్రీ చేసి మరీ!"

గేటు పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి దణ్ణం పెట్టాడు. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఆ కాగితాలు మోకాలి మీద సర్దుకుని పెన్ను తీసింది.

"ఎలుక సంగతి ఎలా ఉన్నా, బోర్డు చదివిన మాట నిజమే కదండీ? డాక్టర్లు కూడా అన్నారు, ఒకాయనకి చుక్కలతో బాగా గుణం కనిపిస్తోందని. అది మీరేనన్నమాట. ఇంజెక్షనంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుంది. మిమ్మల్ని చూశాక ధైర్యం వచ్చింది. నేనూ చుక్కలకే సంతకం పెడతాను."

బాబాయ్ గ్లాసు కోసం చెయ్యి చాచాడు, అది గ్లాసుకి బెత్తెడు ఇవతల గాలిలో ఆగింది.

"అమ్మా, ఆ సంతకం కాస్త ఆపు" అంది పిన్ని.

అప్పటిదాకా ఆవిడ అక్కడున్న సంగతే మేం మరిచిపోయాం. కుట్టు మీదినుంచి తలెత్తకుండానే మొదలుపెట్టింది. "అడుగు వరస హెచ్, వీ, జెడ్, డీ, ఎస్. దాని పైది ఎన్, కే, ఓ, సీ, ఆర్. దాని పైది జెడ్, ఆర్, కే, డీ, సీ." అలా మెట్టు మెట్టుగా పై వరస దాకా చెప్పుకుపోయింది. ఒక్క చోటా తడబడలేదు.

"నీకు చదువొచ్చని చెప్పలేదే పిన్నీ!" అన్నాను.

"ఎక్కడ బాబూ! వాటిలో ఒక్క అక్షరం చూపించినా గుర్తుపట్టలేను. నాలుగు నెలలుగా రోజూ పొద్దున ఈయన స్నానాల గదిలో వల్లెవేస్తుంటే పొయ్యి దగ్గర నాకు నోటికొచ్చేసింది. గదిలోకెళ్ళి కుర్చీ దాకా నడిచే నాలుగడుగుల్లో కుడి కంటితో చూసి పట్టేసుంటారు. ఈయన జ్ఞాపకశక్తి మాత్రం కోత కాదు టీచరమ్మా. నలభై మంది కొలతలు కాగితం లేకుండా చెప్తారు."

"మరి కన్ను?" అంది టీచరమ్మ. పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

"కన్ను పోతోందమ్మా. రెండు నెలలుగా సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. ఆ చుక్కలు ఈయనకి పనిచేయడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఈయన మాటలు వింటున్నాను, ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. ఎలుకకి కోటు కుట్టానంటే, కుట్టే ఉంటారులే, మంచి చెయ్యి అనుకుంటాను. కానీ ఈ ఒక్క కోతా నీ కంటి మీదికి వస్తోంది. రానివ్వను."

గేటు పెద్దాయన ఏదో చమత్కారం చెయ్యబోయి నోరు మూసుకున్నాడు. బాబాయ్ తల దించుకుని వేళ్ళు చూసుకుంటున్నాడు. ఆయన అంత చిన్నగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు.

"అన్నీ తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావే?" అన్నాడు చివరికి.

"మీరు భయపడుతున్నారని. రోజంతా సూదితోనే బతికే మనిషి సూదికి భయపడుతున్నానని ఎవరితో చెప్పుకుంటాడు? పోనీ నేను చెప్దామా అంటే నాదీ అదే భయం. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి కంట్లో గుచ్చుతారంటే నాకూ కాళ్ళాడలేదు. నేనూ తప్పు చేశానండీ. ఇంక చాలు."

బాబాయ్ టీచరమ్మ వైపు తిరిగాడు. "ఎలుక కూడా అబద్ధమేనమ్మా" అన్నాడు. అంతా తెలిసినదే అయినా, ఆయన నోటితో వింటే నవ్వు రాలేదు.

"నాకు తెలుసండీ" అంది ఆమె. "మీరు నవ్వించాలని చెప్పారు." పెన్ను మూత పెట్టి, కాగితాలు సంచీలో పెట్టేసుకుంది. ముందు డాక్టర్‌తో మాట్లాడతానంది.

అప్పుడే చదివించే గది తలుపు తెరుచుకుంది. నర్సమ్మ పిలిచింది. బాబాయ్ చొక్కా సర్దుకుని లేచాడు. పిన్ని లేవలేదు, లోపలికి ఒక్కరినే రానిస్తారు. ఆ నాలుగడుగులూ ఆయన తల వంచుకుని నేల చూస్తూ నడిచాడు, గోడ వైపు చూడలేదు. తలుపు సగమే మూసుకుంది, మాకన్నీ వినిపిస్తున్నాయి.

"కుడి కన్ను మూసుకోండి. ఎడమ కంటితో అడుగు వరస చదవండి, బాబాయ్ గారూ."

లోపల కుర్చీ కిర్రుమంది.

"అడుగుది వద్దు తల్లీ" అన్నాడు బాబాయ్. "పైదే సరిగ్గా లేదు. ఒక్కటో రెండో నల్లగా ఏవో ఉన్నాయి, అక్షరాలో కాదో తెలియడం లేదు. మా ఆవిడ బయటుంది. ఆ ఇంజెక్షనేదో చేసేటప్పుడు నా పక్కన నిలబడనిస్తారా?"

ఆయన మాట పూర్తికాకముందే పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. కుడుతున్న చొక్కా బెంచీ మీదే ఉంది.