మిల్లు వాళ్ళు పంపిన దర్శనం

హలో… ఆ, నేనే. శివలీల వదినను… కొత్త నంబరా? బస్సు డ్రైవరు ఏసేపన్న ఫోను ఇది. మా ఫోన్లన్నీ పొద్దున గేటు కాడే గోపీనాథు తీసిపెట్టుకున్నాడు. గుడికి పోయేవాళ్ళకు ఫోన్లెందుకమ్మా, దేవుని మీద ధ్యాస ఉండాల అని…

ఆ… సూపర్‌వైజరుకు ఇంత భక్తి యాడ నుంచి వచ్చిందో!

చేరినాంలే. ఎగువ అహోబిలం. నీకేం తేవాల అని అడుగుదామని చేసినా… గాజులా? సరే. నిన్ను గూడ పంపింటే బాగుండు జ్యోతీ. ఆడబిడ్డను ముగ్గురాయి మిల్లులో దుమ్ముకు వదిలేసి వదిన షికారు పోయిందని ఊరంతా ఆడిపోసుకుంటారు…

లే, దర్శనం ఇంగా కాలే. మెట్ల మీద కూర్చోనుండాం… ఆ, అందరం… ఎక్కలేకపోతిమి. నాలుగు మెట్లు ఎక్కేది, కూర్చునేది. డోలీ మోసేవాళ్ళు మమ్మల్ని చూసి పరిగెత్తుకుంటా వచ్చినారు. ‘యా ఆసుపత్రి నుంచి వచ్చినారమ్మా?’ అని అడిగె ఒకాయన…

నవ్వకు. మేమూ నవ్వినాంలే. నవ్వితే మళ్ళా దగ్గు… ఉరుకుందమ్మకు, ఇంగ మిగతావాళ్ళకు. నాకు కాదు.

నువ్వేం చేస్తాండావు? ఏంది ఆ సప్పుడు… నీళ్ళు చల్లుతాండారా? మిల్లు లోపలనా?… మాస్కులు గూడ ఇచ్చినారా! ఈ పొద్దు ఏం పండగే?

…

ఎవరొచ్చినారు?

… డాక్టరమ్మనా? ఊపిరి పరీక్షకా. ఏటేటా చేసేదా? అది వచ్చే నెల గదా… ముందుకు జరిపినారా… గోపీనాథుకు ముందే తెల్సా?

ఉండు. ఉండు జ్యోతీ, నిదానంగా చెప్పు. మరి మమ్మల్ని ఈ పొద్దే ఎందుకు పంపినట్ట?… సీనియర్లకని చెప్పె గదా. బాగా పనిచేసేవాళ్ళకు మిల్లు తరఫున దర్శనమని… ఉరుకుందమ్మ మొన్న ఉగాదికి చేరె. ఆ పాప సీనియరా? నీకంటే ముందా?

…

ఏసేపన్న బస్సులో అనె — ‘ఏమ్మా, నా బండి సప్పుడు కంటే మీ సప్పుడే ఎక్కువుండాదే’ అని. తమాషాకు అన్నాడనుకుంటి.

దగ్గేవాళ్ళను… దగ్గేవాళ్ళనందర్నీ ఏరి బస్సెక్కిచ్చినాడు.

సరే. మరి నన్నెందుకు? నాకు దగ్గు లేదు గదా… జ్యోతీ. పలకవేం?

… యాంటికి ఏడుస్తావు?

… గోడవతల నుంచా?… రోజూ వింటాండావా? మిల్లులో గూడనా?

అది దగ్గు కాదే. గొంతు సవరించుకునేది. పగలంతా పోయిన దుమ్ము రాత్రికి… కొళాయి తిప్పినా గూడ వినపడతాదా? నేను బాత్రూములోకి పోయి, తలుపేసుకోని, కొళాయి తిప్పి… మీ అన్నకు? మీ అన్నకు తెల్సా?

… అందుకేనా టీవీ సౌండు పెంచేది.

ఆ మనిషికి చెవుడొచ్చిందేమో అనుకుంటి ఇన్నాళ్ళూ.

…

లే, ఏం లే. ఉండా… ఈడనే ఉండా.

మీ అమ్మ గూడ ఇట్లే అనేది, జ్ఞాపకముండాదా? ‘నాకేం దగ్గు, దుమ్ము పట్టింది, అంతే’ అని. అప్పుడు మాస్కు లేదు, పరీక్ష లేదు. మొగం నిండా ముగ్గురాయి పొడి, కొంగే అడ్డం. నేను ఆమె వీపు రుద్దుతా లోపల్లోపల నవ్వుకుంటాంటి. ఈ ముసలామె ఎవర్ని మోసం చేస్తాండాది అని… ఇప్పుడు తెలుస్తాండాది, ఎవర్నో.

ఆమె పీనుగను గేటు ముందర పెట్టుకోని కూర్చుంటిమి గదా. నువ్వూ నేనూ, ఊర్లో ఆడోళ్ళంతా. పోలీసులొచ్చి లేపినా లేయకపోతిమి. ఆ పొద్దు వాళ్ళు ఒప్పుకున్నది ఈ పరీక్షకే… అదే అంటాండా. ఆమె చచ్చి తెచ్చిన పరీక్ష ఆడ జరుగుతాంటే, ఆమె కోడలు ఈడ కొండ మీద కూర్చోనుండాది, పులిహోర పొట్లం పట్టుకోని.

…

ఇంగా ఉండాదా ఆ డాక్టరమ్మ?… ఆమెకు ఫోనియ్యి.

… తెలుసు. పోయినేడు దగ్గుండాదని రాపిచ్చుకున్నోళ్ళు పని పోయి ఇండ్లల్లో కూర్చోనుండారు, నాకు తెలీదా? తేలిక పని ఇస్తామన్న మాట గాలికి పాయె… నా పనీ పోతాది, ఫోనిచ్చినందుకు నీ పనీ పోతాది. నిజమే… మీ అన్న ఒక్కని కూలితో ఎట్ల జరుగుతాది, అదీ నిజమే.

వద్దులే. పెట్టేయ్. గాజులు తెస్తాలే, ఎర్రవి…

జ్యోతీ! పెట్టొద్దు. ఉండు.

ఉరుకుందమ్మ నా భుజం మీద తల పెట్టి పండుకోనుండాది. వీపు మీద చెయ్యేసి ఉండా. నా అరచేతి కింద గరగరమంటాండాదే… మీ అమ్మ వీపు మాదిరే. అట్లే ఉండాది.

నడువు. నీళ్ళకు పోతాన్నట్టు పో. గోపీనాథు యాడుండాడు?… ఆమెకు టీ తెప్పిస్తాండాడా. మంచిదే. పో, పో.

…

…

హలో… నమస్తే మేడం. నా పేరు శివలీల. సంచులు కుట్టే కాడ పని… లేదు మేడం, సెలవు పెట్టలే. వాళ్ళట్ల చెప్పినారా?… అహోబిలంలో ఉండాం. మిల్లు వాళ్ళే బస్సు పెట్టి పంపినారు. పొద్దు మునిగేదాకా వెనక్కి తేవద్దన్నారంట డ్రైవరుకు.

… నాకా?

… నాకు…

వినపడతాండాది మేడం. మీరడిగింది వినపడతాండాది.

…

ఉండాది. దగ్గుండాది.

… శానా దినాల నుంచి. రాత్రిళ్ళు… లే, ఎవరికీ చెప్పలే. ఇదే మొదలు.

నాకొక్కదానికే కాదు మేడం. బస్సు నిండా… పేర్లా? చెప్తారు. ఉరుకుందమ్మా, లేమ్మే. ఇట్ల రా. మేడం అడుగుతాండాది, నీ పేరు చెప్పు… ఏం కాదు, చెప్పు…

మేడం, ఈ పాప నా కొంగులో మొగం దాచుకునె. భయం… అందరికీ భయమే మేడం, నాకు గూడ. మీరు మాత్రం పెట్టేయొద్దండి. ఫోను ఈ మెట్టు మీద పెడతాండా, అందరి నడుమ. మేమేం మాట్లాడం.

ఊరికే మా సప్పుడు వినండి.